అంతర్జాలమున రెండు మార్గములు

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు జాతీయ రహదారి మీద మరిపెడ కలదు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన ఈ ఊరు 2016 అక్టోబరు 11వ తేదీ నుండి మహబూబాబాదు జిల్లాలోనిది. ప్రత్తి, మిరప, వరి పండించు పల్లెలు దీని చుట్టును కలవు. ఒకప్పుడు ఇచ్చటి రైతు మిరప ధర తెలిసికొనవలెనన్న ఖమ్మము పోవలసి యుండెను. పరీక్ష వ్రాసిన విద్యార్థి తన ఫలితము కొరకు మరునాటి వార్తాపత్రికకై ఎదురు చూడవలసి యుండెను. నేడు ఈ పనులు ఇంటి నుండియే జరుగుచున్నవి. హాల్‌టికెట్టు, విద్యార్థి వేతనపు దరఖాస్తు, భూమి వివరములు, బ్యాంకు లెక్కలు మొదలగునవన్నియు అంతర్జాలము ద్వారా ఇంటికే వచ్చుచున్నవి.

అందుచేత ఒక వెబ్‌సైటు తెరచుకొనకపోవుట ఇప్పుడు చిన్న విషయము కాదు. దరఖాస్తునకు గడువు ఆ రాత్రితో ముగియనుండగా, తెర మీద తెల్లని పుట తప్ప మరేమియు కానరానిచో, ఒక విద్యార్థి చదువునకే చిక్కు కలుగవచ్చును. అట్టి వేళ ఇంటివారు "నెట్టు పోయినది" అని ఊరకుందురు. కాని తరచి చూచిన యెడల అచ్చట నొక వింత కనబడును. అదే ఇంట, అదే కంప్యూటరులో, ఇతర వెబ్‌సైట్లు చక్కగా తెరచుకొనుచుండును. కావలసిన వెబ్‌సైటు మాత్రము కదలదు. ప్రక్కయింటివారి ఫోనులో అదే వెబ్‌సైటు క్షణములో తెరచుకొనును. నెట్టు పోయినచో అన్నియు పోవలెను. వెబ్‌సైటు చెడిపోయినచో అందరికిని చెడవలెను. ఈ రెండును కానిచో లోపమెక్కడ నున్నట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో, నేటి అంతర్జాలమునకు ఒకటి కాక రెండు మార్గములు కలవని తేలును.

ఈ సంగతి బోధపడుటకు మొదట చిరునామా యనగా నేమో తెలియవలెను. మరిపెడకు ఉత్తరము వ్రాయువారు కవరు మీద ఊరి పేరును, పిన్‌కోడును వ్రాయుదురు. తపాలావారు ఆ సంఖ్యను బట్టి ఉత్తరమును ఏ దిక్కునకు పంపవలెనో నిశ్చయింతురు. అంతర్జాలమునందును అట్లే జరుగును. అచ్చట ప్రయాణము చేయు సమాచారమును చిన్న చిన్న మూటలుగా విడదీయుదురు. ప్రతి మూట మీదను పంపిన యంత్రపు సంఖ్యయు, చేరవలసిన యంత్రపు సంఖ్యయు ఉండును. ఈ సంఖ్యలను వ్రాయు విధమును, మూటలను కట్టు విధమును నిర్ణయించు నియమావళికి ఇంటర్నెట్ ప్రోటోకాల్ అని పేరు. మూటను ఒక దారి నుండి మరియొక దారికి మళ్ళించు యంత్రమును రౌటరు అందురు. అడిగినవారికి వెబ్‌సైటును అందించు యంత్రమును సర్వరు అందురు.

మనుష్యులకు సంఖ్యల కంటె పేర్లు సులభముగా జ్ఞాపకముండును. అందుచేత వెబ్‌సైట్లకు పేర్లు పెట్టిరి. పేరు చెప్పగానే దానికి తగిన సంఖ్యను వెదకి యిచ్చు ఏర్పాటునకు డీఎన్ఎస్ అని పేరు. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను. ఊరిలోని ప్రతి యిల్లును ఎరిగిన తపాలా బంట్రోతు వంటిది ఈ ఏర్పాటు. ఇంటివారి పేరు చెప్పినచో ఇంటి నంబరు చెప్పును.

నేటికిని వాడుకలో నున్న పాత నియమావళికి ఐపీవీ4 అని పేరు. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞుల కృషి దీనికి మూలము. 1981 సెప్టెంబరులో దీని స్వరూపము స్థిరపడెను. 1983 జనవరి 1వ తేదీన అర్పానెట్ అను కంప్యూటర్ల సముదాయము దీనిని అవలంబించెను. ఇందలి చిరునామా నాలుగు సంఖ్యల కూర్పు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. గూగుల్ సంస్థ నడుపు డీఎన్ఎస్ చిరునామా 8.8.8.8 ఇందుకొక ఉదాహరణము. ఇట్లు కూర్పదగిన చిరునామాల మొత్తము 4,29,49,67,296. అనగా సుమారు 429 కోట్లు.

ఆనాడు కంప్యూటర్లు విశ్వవిద్యాలయములలోను, ప్రయోగశాలలలోను, పెద్ద కార్యాలయములలోను మాత్రమే యుండెను. వారికి 429 కోట్లు తరుగని నిధివలె తోచెను. మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాలము అందుబాటులోనికి వచ్చినది 1995 ఆగస్టు 15వ తేదీన. పిమ్మట కంప్యూటర్లకు తోడు చేతి ఫోనులు వచ్చెను. ఫోనులకు తోడు టెలివిజనులు, కెమెరాలు, విద్యుత్తు మీటర్లు కూడ అంతర్జాలమున చేరెను. ప్రతి యంత్రమునకును చిరునామా కావలసి వచ్చెను. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ నిధిలో మిగిలిన చివరి ఐదు భాగములను ఐదు ప్రాంతీయ సంస్థలకు ఒక్కొక్కటి చొప్పున పంచి యిచ్చిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 15వ తేదీన ఆసియా, పసిఫిక్ ప్రాంతపు నిధియు చివరి భాగమునకు దిగెను. నాటి నుండి పాత చిరునామాలను కొలత పెట్టి కొద్దికొద్దిగా మాత్రమే యిచ్చుచు వచ్చిరి.

చిరునామాలు చాలనప్పుడు జనులు ఒక ఉపాయము పన్నిరి. ఒక ఇంటిలోని యంత్రములన్నిటికిని కలిపి ఒకే చిరునామాను వాడుట ఆ ఉపాయము. హాస్టలునకు వచ్చు ఉత్తరములన్నియు ఒకే చిరునామాకు వచ్చును. వార్డెను వానిని ఏ విద్యార్థికి చెందినది ఆ విద్యార్థికి అందించును. ఇంటిలోని రౌటరు చేయు పని యిట్టిదే. కొరత ముదిరిన కొలది ఒక ఇల్లేకాక వందల ఇండ్లు ఒకే చిరునామా వెనుక నిలువవలసి వచ్చెను. ఇందువలన పని గడచినను, ఇబ్బందులు కలిగెను. ఆ చిరునామా నుండి ఒకడు దుష్కార్యము చేసినచో, వెబ్‌సైటు కాపరులు ఆ చిరునామానే అడ్డగింతురు. చేయని తప్పునకు తక్కినవారందరును వెలుపల నిలువవలసి వచ్చును.

ఈ కొరత రాగలదని శాస్త్రజ్ఞులు ముందుగానే గుర్తించిరి. స్టీఫెన్ డీరింగ్, రాబర్ట్ హిండెన్ అనువారు సిద్ధపరచిన కొత్త నియమావళి 1998 డిసెంబరులో వెలువడెను. దానికి ఐపీవీ6 అని పేరు. 2017 జూలైలో అది పూర్ణ ప్రమాణముగా స్థిరపడెను. ఇందలి చిరునామాల సంఖ్యను వ్రాయుటకు 39 అంకెలు కావలెను. భూమి మీది ప్రతి మనుష్యునకు కోట్లకొలది చిరునామాలు ఇచ్చినను ఈ నిధి తరుగదు. కొత్త చిరునామాను ఎనిమిది భాగములుగా, నడుమ జంట చుక్కలు పెట్టి వ్రాయుదురు. పది అంకెలు చాలక ఆంగ్ల వర్ణమాలలోని మొదటి ఆరక్షరములను కూడ అంకెలుగా వాడుదురు. గూగుల్ సంస్థ డీఎన్ఎస్‌నకు కొత్త పద్ధతిలో గల చిరునామా 2001:4860:4860:0:0:0:0:8888.

అయితే ఇచ్చట నొక చిక్కు కలదు. పాత నియమావళి ననుసరించు యంత్రము కొత్త మూటను చదువలేదు. కొత్త దానిని మాత్రమే ఎరిగిన యంత్రము పాత మూటను చదువలేదు. ప్రపంచములోని యంత్రముల నన్నిటిని ఒక్క రాత్రిలో మార్చుట అసాధ్యము. కావున రెండు మార్గములను ప్రక్కప్రక్కనే నడుపుచు, మెల్లమెల్లగా కొత్త దానికి మరలుటకు నిశ్చయించిరి. పాత బాటను మూయక, దాని ప్రక్కనే కొత్త రహదారి వేయుట వంటిది ఇది. నేడు అనేక వెబ్‌సైట్లకు రెండు చిరునామాలు కలవు. పేరు చెప్పి యడిగినచో డీఎన్ఎస్ ఆ రెంటిని ఇచ్చును.

రెండు చిరునామాలు చేతికి వచ్చినపుడు బ్రౌజరు దేనిని ఎన్నుకొనవలెను? ఇందుకు 2012లో ఒక పద్ధతిని నిర్ణయించి, 2017లో దానిని సవరించిరి. బ్రౌజరు మొదట కొత్త మార్గమున ఒక చిన్న మూటను పంపును. కొంచెము సేపు, అనగా సెకనులో నాలుగవ వంతు వేచి చూచును. అంతలో బదులు రానిచో పాత మార్గమున కూడ ఒక మూటను పంపును. ఏది ముందుగా బదులు చెప్పిన ఆ మార్గముననే తరువాతి పని సాగును. ఈ పద్ధతి వలన కొత్త మార్గము పూర్తిగా తెగిపోయినను వాడుకరికి తెలియదు. ఇది మేలే. కాని ఇందువలన లోపము దాగియుండును. బాగుచేయవలసిన వారికి వార్త చేరదు.

దాగిన లోపములను గూర్చిన భయము ఒకప్పుడు ప్రపంచమునే వెనుకకు లాగెను. కొత్త చిరునామాను ప్రకటించినచో, మార్గము సరిగా లేని కొందరు వాడుకరులు తమ వెబ్‌సైటును చేరలేక పోటీ సంస్థల కడకు పోవుదురని పెద్ద సంస్థలు జంకెను. ఎవరును మొదటి యడుగు వేయలేదు. అప్పుడు ఇంటర్నెట్ సొసైటీ అను సంస్థ పూనికతో గూగుల్, ఫేస్‌బుక్, యాహూ మొదలగు సంస్థలు ఒక యొడంబడికకు వచ్చెను. 2011 జూన్ 8వ తేదీన ఇరువదినాలుగు గంటల పాటు అందరును ఒక్కసారిగా కొత్త మార్గమున తలుపులు తెరచిరి. చిక్కు కలుగువారు పదివేల మందిలో ఐదుగురుండవచ్చునని గూగుల్ సంస్థ ముందుగా అంచనా వేసెను. ఆ దినము ఆపద లేకుండ గడచెను. పరీక్ష వలన లోపముల జాడయు తెలిసెను. మరుసటి సంవత్సరము 2012 జూన్ 6వ తేదీన ఆ సంస్థలు కొత్త మార్గమును శాశ్వతముగా తెరచెను.

మన దేశము ఈ విషయమున వెనుకబడలేదు. 2010 జూలైలో భారత ప్రభుత్వపు టెలికమ్యూనికేషన్ల శాఖ కొత్త మార్గమునకు మరలుటకై ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించెను. 2011 అక్టోబరులో గ్రామ పంచాయతీలకు గాజు తీగలు వేయు పథకమును కేంద్ర ప్రభుత్వ మామోదించెను; తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చెను. 2016 సెప్టెంబరులో జియో సంస్థ తన ఫోను సేవలను ప్రారంభించినపుడు కొత్త నియమావళినే విరివిగా వాడెను. నేడు భారతదేశము నుండి గూగుల్‌ను చేరువారిలో సగము కంటె ఎక్కువమంది కొత్త మార్గముననే పోవుచున్నారు. పల్లెలో పశువులు మేపు బాలుడు తన ఫోనులో పాట వినునపుడు, తానెరుగకయే ఈ కొత్త మార్గమును వాడుచుండవచ్చును.

ఇక లోపమును కనుగొను విధమును పరిశీలింపవలెను. ఈ పని మరిపెడ ప్రాంతపు రైతులకు కొత్తది కాదు. ఓరుగల్లు సీమ చెరువుల సీమ. కాకతీయుల కాలమున త్రవ్వించిన పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. చెరువు తూము నుండి బయలుదేరిన నీరు కాలువలలో నడచి చివరి మడికి చేరవలెను. చివరి మడికి నీరు రానిచో తెలివిగల రైతు చెరువునో, తూము కాపరినో తిట్టుచు కూర్చుండడు. పార భుజమున పెట్టుకొని కాలువ గట్టు వెంబడి నడచును. ఒక చోట నీరున్నది. కొంత దూరము పోయిన పిమ్మట నీరు లేదు. లోపము ఆ రెండు చోట్ల నడుమనే యున్నదని నిశ్చయముగా చెప్పవచ్చును. పూడికయో, గండియో అచ్చటనే కనబడును. అంతర్జాలమున లోపమును వెదకుటకు కూడ ఇంతకు మించిన సూత్రము లేదు. నీరున్న చోటును, లేని చోటును గుర్తించి, ఆ రెంటి నడుమ దూరమును తగ్గించుచు పోవలెను.

పైన చెప్పిన చిక్కు ఒక ఇంట కలిగినదనుకొందము. మొదటి మెట్టు లోపము ఎంతవరకు వ్యాపించినదో తెలిసికొనుట. అదే కంప్యూటరులో ఇతర వెబ్‌సైట్లను తెరచి చూడవలెను. అదే వెబ్‌సైటును ఇంటి నెట్టు మీద ఒకసారి, ఫోను కంపెనీ నెట్టు మీద ఒకసారి తెరచి చూడవలెను. కంప్యూటరులోని తేదీ, గడియారము సరిగా నున్నవో లేవో చూడవలెను. తేదీ తప్పినచో వెబ్‌సైట్ల గుర్తింపు పత్రములు చెల్లనట్లు కనబడి బ్రౌజరు వానిని నిరాకరించును. ఫోను కంపెనీ నెట్టు మీద తెరచుకొని ఇంటి నెట్టు మీద తెరచుకొననిచో, సర్వరు జీవించియే యున్నదని తేలును. సగము కాలువ అప్పటికే పరీక్షింపబడినట్లు.

రెండవ మెట్టు పేరును గూర్చినది. ఎన్ఎస్‌లుకప్ అను ఆజ్ఞను కంప్యూటరునకిచ్చి, ఆ వెబ్‌సైటు పేరు వ్రాసినచో డీఎన్ఎస్ ఇచ్చు చిరునామాలు కనబడును. అసలు ఏ చిరునామాయు రానిచో లోపము పేరు చెప్పు ఏర్పాటులో నున్నది. పాత చిరునామా యొక్కటే వచ్చినచో ఆ వెబ్‌సైటునకు కొత్త మార్గముతో పని లేదు. రెండును వచ్చినచో రెండు మార్గములను వేరువేరుగా పరీక్షింపవలెను.

మూడవ మెట్టు ఇంటిలోని యంత్రమునకు కొత్త చిరునామా కలదో లేదో చూచుట. ప్రపంచమంతట చెల్లు కొత్త చిరునామాలు నేడు 2 లేక 3 అను అంకెతో మొదలగును. 'ఎఫ్ఈ80' అని మొదలగునవి ఇంటి గడప దాటవు. అవి ఒకే తీగ మీది యంత్రములు తమలో తాము పలుకరించుకొనుటకే. ఇట్టివి మాత్రమే కనబడినచో కొత్త మార్గము ఆ యింటి వరకు రాలేదని తెలియును. అదొక లోపమనరాదు, ఆ యింటి పని పాత మార్గమున సాగును.

నాలుగవ మెట్టున పింగ్ అను ఆజ్ఞను వాడవలెను. ఇది దూరపు యంత్రమును "ఉన్నావా?" అని పిలుచును, అది "ఉన్నాను" అని పలుకును. ఆజ్ఞ ప్రక్కన చిన్న గీతయు 4 అంకెయు చేర్చినచో పిలుపు పాత మార్గమున పోవును. 6 చేర్చినచో కొత్త మార్గమున పోవును. ట్రేస్‌రూట్ అను మరియొక ఆజ్ఞ దారిలోని రౌటర్లను ఒక్కొక్కదానిని పిలిచి, ఎంతవరకు పోగలిగినదో చూపును. కాలువ గట్టు మీద నడచుట యనగా నిదియే. కాని ఒక జాగ్రత్త అవసరము. కొన్ని రౌటర్లు మూటలను చక్కగా ముందునకు సాగనంపుచునే, పిలుపునకు మాత్రము బదులీయవు. నడుమ నొక రౌటరు పలుకకున్నను దాని తరువాతివి పలికినచో అచ్చట లోపము లేదని గ్రహింపవలెను. మౌనముగా నున్న వారందరును దోషులు కారు.

ఈ ఇంట పింగ్ రెండు మార్గములలోను పలికినది. అయినను వెబ్‌సైటు కొత్త మార్గమున తెరచుకొనలేదు. ఇచ్చటనే పలువురు చేతులెత్తి వేయుదురు. "మార్గము బాగున్నది గదా, ఇక లోపమేమి?" అందురు. మార్గము చిన్న మూటలకు బాగున్నదని మాత్రమే పింగ్ చెప్పినది. పెద్ద మూటల సంగతి అది చెప్పలేదు.

అంతర్జాలమున ప్రతి దారికిని ఒక వెడల్పు కలదు. ఇండ్లలోను, కార్యాలయములలోను వాడు సామాన్యపు తీగలపై ఒక మూట 1500 బైట్ల వరకు ఉండవచ్చును. ఇంటి కనెక్షన్లు కొన్నింటిలో మూటకు అదనపు చుట్టు చుట్టవలసి యుండుట చేత 8 బైట్లు తగ్గి 1492 మాత్రమే మిగులును. పాత నియమావళిలో దారి ఇరుకైన చోట రౌటరే పెద్ద మూటను రెండుగా విప్పి పంపుటకు వీలుండెను. గడ్డిబండి ఇరుకు సందులో పట్టనప్పుడు, సందు మొదటనున్నవారు గడ్డిని రెండు చిన్న బండ్లకెత్తి సాగనంపినట్లు. కొత్త నియమావళిలో ఈ పని రౌటరుది కాదు. అది పెద్ద మూటను ఆపివేసి, "మూట పెద్దది, ఇంత కొలతకు తగ్గించి పంపుము" అని పంపినవానికి కబురు చేయును. ఏ దారియైనను 1280 బైట్ల మూటనైనను సాగనంపి తీరవలెనని నియమము.

ఈ కబురు పంపినవానికి చేరినంత కాలము అన్నియు సవ్యముగా జరుగును. కాని వెబ్‌సైట్ల ద్వారమున ఫైర్‌వాల్ అను కాపరి యుండును. దొంగలను ఆపవలసిన ఆ కాపరి, అతి జాగ్రత్త చేత, ఈ కబురును కూడ ఆపివేసినచో ఏమగును? సర్వరు పెద్ద మూటను పంపును. అది ఇరుకు చోట నిలిచిపోవును. కబురు రాదు. సర్వరు మరల అదే పెద్ద మూటను పంపును. అదియు నిలిచిపోవును. వాడుకరి తెల్లని తెరను చూచుచు కూర్చుండును. బ్రౌజరు తొలుత పంపినది చిన్న మూట గనుక దానికి బదులు వచ్చినది. కొత్త మార్గము బాగున్నదని నమ్మి బ్రౌజరు దానినే పట్టుకొన్నది. అందుచేత రెండు మార్గముల పద్ధతియు ఇచ్చట ఆదుకొనలేదు. ప్రక్కయింటి ఫోను వేరొక దారిని పోయినది గనుక దానికీ యిరుకు తగులలేదు. తక్కిన వెబ్‌సైట్ల కాపరులు కబురును లోనికి పోనిచ్చుటచేతనో, వాని సర్వర్లు ముందే చిన్న మూటలు కట్టుటచేతనో అవి తెరచుకొన్నవి. మొదట వింతగా తోచిన ప్రతి సంగతికిని ఇట్లు కారణము దొరకినది.

కారణము దొరకినట్లు తోచుట చాలదు. దానిని రుజువు చేయవలెను. ఇంటి పెద్దల యనుమతితో, కంప్యూటరులో కొత్త మార్గపు మూట కొలతను 1280కు తగ్గించి చూడవలెను. అప్పుడు కంప్యూటరు తాను తీసికొనగల మూట కొలతను మొదటనే సర్వరునకు తెలుపును. సర్వరు చిన్న మూటలే పంపును. ఇప్పుడు వెబ్‌సైటు తెరచుకొని, కొలతను మరల పూర్వపు స్థితికి తెచ్చినప్పుడు నిలిచిపోయినచో, రోగము మూట కొలతలోనే యున్నదని రూఢి. ఒకసారికి ఒక్క మార్పే చేయవలెనను నియమమును ఎన్నడును మరువరాదు. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినచో, పని జరిగినను ఏ మార్పు వలన జరిగినదో తెలియదు. జరుగకున్నను ఏది చెరచినదో తెలియదు. చేసిన ప్రతి మార్పును, దాని ఫలితమును, వేళతో సహా ఒక కాగితము మీద వ్రాసికొనవలెను.

ఇట్టి చిక్కులలో కొందరు ఒక సులభోపాయము చెప్పుదురు. కొత్త మార్గమును కంప్యూటరులో పూర్తిగా మూసివేయుమందురు. మూసిన వెంటనే పాత మార్గమున వెబ్‌సైటు తెరచుకొనును గనుక ఆ యుపాయము చాల గొప్పదిగా తోచును. పరీక్షగా అది మంచిదే. లోపము ఏ మార్గమున నున్నదో అది చెప్పును. గడువు రాత్రి ముగియనున్న విద్యార్థి దానితో దరఖాస్తు పంపుకొనుటయు తప్పు కాదు. కాని దానిని అట్లే విడిచిపెట్టుట చికిత్స కాదు. కాలువలో పూడిక పడినదని ఒక రైతు ప్రక్క కాలువకు గండి కొట్టి తన మడిని తడుపుకొన్నచో, పూడిక పూడికగానే యుండును. క్రింది రైతుల మళ్ళు ఎండును. పాత చిరునామాల కొరత తీరునది కాదు. నేడు పలు ఫోను కంపెనీలు ఫోనులకు కొత్త చిరునామాలనే యిచ్చి, పాత వెబ్‌సైట్లను చేరుటకు నడుమ నొక అనువాద యంత్రమును నిలుపుచున్నవి. మూసిన ద్వారమును గూర్చి మరచిపోయిన ఇల్లు రానున్న కాలమున మరియొక చిక్కులో పడును.

కావున చివరి మెట్టు బాగుచేయగలవారికి తెలియజేయుట. లోపము ఇంటి రౌటరులో నున్నచో దానిని అమర్చినవారు సరిచేయుదురు. నెట్టు కంపెనీ దారిలో నున్నచో ఆ కంపెనీకి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను పుచ్చుకొనవలెను. వారు పట్టించుకొననిచో ఆ కంపెనీలోనే పై యధికారికి అప్పీలు చేసికొనుటకు 2012 నాటి నిబంధనలు వీలు కల్పించినవి. వెబ్‌సైటు కాపరి కబురును ఆపుచున్నాడని తేలినచో వెబ్‌సైటు వారికి వ్రాయవలెను.

ఫిర్యాదు వ్రాయుటయు నొక విద్య. "మీ వెబ్‌సైటు పని చేయుట లేదు" అని వ్రాసినచో, అచ్చటి ఉద్యోగి తన యంత్రములో తెరచి చూచి, "ఇచ్చట పని చేయుచున్నది" అని బదులిచ్చును. విషయము అంతటితో ముగియును. ఏ తేదీన, ఏ వేళ, ఏ నెట్టు మీద, ఏ మార్గమున తెరచుకొనలేదో, పాత మార్గమున ఏమి జరిగినదో, చిన్న మూటలు పోయినవో లేవో, కొలత తగ్గించినపుడు ఏమైనదో వరుసగా వ్రాయవలెను. రహస్య పదములను, ఫోనునకు వచ్చు ఓటీపీ సంఖ్యలను మాత్రము ఎవరికిని తెలుపరాదు. ఏ మరమ్మతునకును అవి యవసరము లేదు. ఇట్టి యుత్తరము చదివిన ఉద్యోగి గంటల తరబడి వెదకవలసిన పని లేదు. పూడిక పడిన చోట వ్రేలు పెట్టి చూపినట్లుండును.

కొత్త నియమావళులు ఐపీవీ6తో ముగియవు. 2021 మే నెలలో క్విక్ అను మరియొక నియమావళి ప్రమాణముగా వెలువడెను. అదియు పాత పద్ధతి ప్రక్కనే నడుచుచు, కొన్ని కాపరుల చేత అడ్డగింపబడుచున్నది. ముందు ముందు మరికొన్ని రాగలవు. వాని పేర్లు మారును. వెదకు విధము మాత్రము మారదు.

పదివేల మందిలో తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదియైదుగురికి చక్కగా నడచునది మంచి మార్గమనియే లెక్కలు చెప్పును. కాని మిగిలిన ఐదుగురిలో ఒకరు పట్టణపు కార్యాలయములో గాక, కొనపల్లెలో ఒక్క కంప్యూటరు గల ఇంటిలో నుండవచ్చును. వారి లోపము తక్కినవారికి కనబడదు. వారు చెప్పిననే తెలియును. తిట్టుటకు మారుగా ఒక్కొక్క మెట్టు పరీక్షించి, కన్న దానిని కన్నట్లు వ్రాసి పంపిన విద్యార్థి తన పనితో పాటు, ఆ దారిని పోవు ముక్కుమొగమెరుగని వారి పనిని కూడ చక్కబెట్టినవాడగును.